కుండీ మొక్కలకు నీరు, ఎరువు: సుల్తాన్ బజార్ నుంచి అశోక్ నగర్ దాకా

కుండీలు, డబ్బాలు, సంచుల్లో పెరిగే మొక్కలకు ఎప్పుడు, ఎంత నీరు పోయాలి, ఏ ఎరువు ఎంత వేయాలి అన్నది మిద్దెతోట పెంపకంలో కీలకమైన అంశం. నేలలో నాటిన మొక్క నీరు చాలకపోతే వేరును లోతుకు పంపుకుంటుంది. కుండీలో వేరు నాలుగు వేళ్ల దూరం పోగానే గోడ తగులుతుంది. అక్కడినుంచి దానికి అందే ప్రతి చుక్కా, ప్రతి పిడికెడూ మనిషి చేతి మీదుగా రావాల్సిందే. నర్సరీలో నవనవలాడిన మొక్క ఇంటికొచ్చి రెండు నెలల్లో ఎండిపోతే చాలామంది చేయి అచ్చిరాలేదనుకుంటారు. చాలాసార్లు కారణం నీరు, అదీ తక్కువై కాదు, ఎక్కువై.

ఈ వ్యాసం హైదరాబాదు నడిబొడ్డున ఒకదాని వెంట ఒకటిగా ఉన్న సుల్తాన్ బజార్, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్ నగర్ ప్రాంతాల ఎండను, నీటిని, ఇళ్ల తీరును ఆధారం చేసుకుంటుంది. ఇక్కడి లెక్కలు వరంగల్లుకూ కర్నూలుకూ స్వల్ప మార్పులతో పనికొస్తాయి. విశాఖ, కాకినాడల ఉక్కపోతకు మాత్రం వేరే లెక్క కావాలి.

చోటు

ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ బజారుగా ఉన్న సుల్తాన్ బజార్ 1933లో తిరిగి నిజాం ఏలుబడిలోకి వచ్చింది. ఇక్కడి పాత ఇళ్లలో లోగిలి ఉండేది, లోగిట్లో తులసికోట, బావి దగ్గర కరివేపాకు చెట్టు, గోడవార మల్లెపొద ఉండేవి. చిక్కడపల్లి పక్కనే ఉన్న బాగ్ లింగంపల్లి పేరులో బాగ్ మిగిలింది గానీ ఆ వైపంతా ఇప్పుడు ఫ్లాట్లే. తోట నేల వదిలి మిద్దె ఎక్కింది, మిద్దె మీద హక్కు లేనివాళ్లకు బాల్కనీ గ్రిల్లులో ఇరుక్కుంది. అశోక్ నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల హాస్టల్ గదుల కిటికీల్లో సీసాలో మనీప్లాంటు కనిపించినా అది కూడా ఈ కోవలోదే.

ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్లకు నీటి లెక్క ఒకటి కాదు. పడమటి బాల్కనీకి మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా ఎండ మొహానే కొడుతుంది, తూర్పు బాల్కనీకి పదింటికల్లా నీడ వచ్చేస్తుంది. 2020 ఫిబ్రవరి 7న మొదలైన జేబీఎస్–ఎంజీబీఎస్ మెట్రో మార్గం సుల్తాన్ బజార్, నారాయణగూడ, చిక్కడపల్లి స్టేషన్ల మీదుగానే పోతుంది. ఆ వంతెనకు ఆనుకున్న ఇళ్లలో మొదటి, రెండో అంతస్తుల బాల్కనీలకు రోజులో కొంతసేపు దాని నీడ పడుతుంది. కాబట్టి ఎదురింటివాళ్లు రోజూ పోస్తున్నారని మనమూ రోజూ పోయడం తగదు.

ఎంత నీరు: ఒక లెక్క

హైదరాబాదులో ఏడాది వర్షపాతం 800 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది, అందులో అధికభాగం జూన్–సెప్టెంబరు మధ్యే. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల దాకా పోతుంది, గాలి పొడిగా ఉంటుంది. వాతావరణ కేంద్రాల్లో ఆరుబయట పెట్టే పళ్లెంలోంచి ఆ నెలలో రోజుకు 10 మిల్లీమీటర్ల పైచిలుకు నీరు ఆవిరవుతుంది. డిసెంబరులో అది 4 మిల్లీమీటర్ల దగ్గరికి దిగుతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు అంటే ఒక లీటరు. ఈ ఒక్క సూత్రం చేతిలో ఉంటే మిగతాది కూడికలే.

పన్నెండు అంగుళాల కుండీ తీసుకుందాం. అందులో దాదాపు 12 లీటర్ల మట్టి పడుతుంది. కొమ్మలు బాగా సాగిన గులాబీ లేదా వంగ మొక్క అయితే దాని గొడుగు అర మీటరు వెడల్పు ఉంటుంది, అంటే 0.2 చదరపు మీటరు. మే నెల లెక్కన పళ్లెంలో పోయేది రెండు లీటర్లు. మొక్క పళ్లెమంత విడిచిపెట్టదు గనుక అందులో సుమారు 70 శాతం, దగ్గరదగ్గర లీటరున్నర. కాలే స్లాబు, వేడెక్కే కుండీ గోడ కలిస్తే మళ్లీ రెండు లీటర్లకు చేరుతుంది. అదే మొక్క డిసెంబరులో అర లీటరుకు కాస్త ఎక్కువతో సరిపెట్టుకుంటుంది.

ఇంకో వైపు నుంచి చూడాలి. 12 లీటర్ల మంచి మట్టి మిశ్రమం నిండుగా తడిసి, అదనపు నీరు కారిపోయాక, మొక్క వాడే లోపు వేరు పీల్చుకోగల నీరు అందులో రెండున్నర నుంచి మూడు లీటర్లే. అంటే ఆ కుండీ మేలో ఒక రోజు, గట్టిగా అయితే రోజున్నర ఆగుతుంది. డిసెంబరులో నాలుగైదు రోజులు ఆగుతుంది. ఆరు అంగుళాల చిన్న కుండీలో మట్టి ఇందులో ఎనిమిదో వంతే. అందులో పెద్ద మొక్క పెట్టుకుంటే వేసవిలో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోసినా మధ్యాహ్నానికి తల వాల్చేస్తుంది. దానికి మందు నీరు కాదు, పెద్ద కుండీ.

ఈ ఋతువుల తేడా కొత్త సంగతి కాదు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేద అధ్యాయంలో, నాటిన మొక్కలకు ఎండాకాలం పొద్దున సాయంత్రం, చలికాలం రోజు విడిచి రోజు, వానాకాలం నేల ఆరినప్పుడు మాత్రమే నీరు పెట్టమన్నాడు. ఆయన చెప్పింది నేలలోని చెట్లకే అయినా, ఇవాళ చిక్కడపల్లి మిద్దె మీది కుండీలకు ఇంతకంటే పొందికైన షెడ్యూలు దొరకదు. ముఖ్యంగా ఆ మూడో మాట చాలామంది మరిచిపోతారు.

నలభై పెద్ద కుండీల తోటకు మేలో కుండీకి సగటున లీటరున్నర చొప్పున రోజుకు 60 లీటర్లు, నెలకు 1,800 లీటర్లు కావాలి. నగరంలో ఇంటికి నెలకు 20,000 లీటర్ల దాకా ఉచితంగా ఇచ్చే నీటి పథకం 2021 జనవరిలో మొదలైంది. ఆ వాటాలో ఈ తోట తాగేది పదో వంతుకు తక్కువే. అసలు ఇబ్బంది మొత్తంలో లేదు, నల్లా రోజు విడిచి రోజు రావడంలో ఉంది. అందుకే పాత డ్రమ్ము ఒకటి మిద్దె మీద నీడన నింపి, మూత పెట్టి ఉంచుకోవడం ఇక్కడి తోటల్లో మామూలు. ఎండలో నల్లట్యూబులో నిలిచిన నీరు చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. ట్యూబు విప్పగానే ఆ మొదటి నీళ్లను బకెట్లోకి వదిలేసి, చల్లబడ్డాకే మొక్క వైపు తిప్పాలి.

కుండీ అడుగున జరిగేది

స్పాంజిని తడిపి అడ్డంగా పట్టుకుంటే కొంత నీరు కారి ఆగిపోతుంది. దాన్నే నిలువుగా తిప్పితే మళ్లీ కొంత కారుతుంది. రెండుసార్లూ అడుగు అంచున మాత్రం తడి నిలిచే ఉంటుంది. కుండీలోని మట్టిదీ ఇదే పని. అడుగున ఎన్ని రంధ్రాలున్నా, కిందటి పొరలో కొంత మేర నీరు వేలాడుతూ నిలిచిపోతుంది. ఆ పొర ఎత్తు మట్టి ఎంత మెత్తనిది అన్నదాన్ని బట్టే ఉంటుంది గానీ, కుండీ ఎత్తును బట్టి కాదు. మెత్తని బంకమట్టిలో అది చాలా మందం, ముతక మిశ్రమంలో పలుచన. కాబట్టి పొట్టి కుండీలో బరువైన మట్టి నింపితే వేరు సగం నీళ్లలోనే కాపురం చేస్తుంది.

నీరు బాగా పోతుందని అడుగున కంకర, పెంకులు పరవడం తరతరాల అలవాటు. అది ఉపయోగపడదు, సరికదా హానే. మెత్తని మట్టిలోని నీరు ముతక కంకరలోకి సులువుగా దిగదు. తడిపొర కంకర పైకి జరిగి వేరుకు మరింత దగ్గరవుతుంది. రంధ్రం మూసుకుపోకుండా ఒక పెంకుముక్క బోర్లించడం చాలు, మట్టి పైనుంచి కిందికి ఒకే తీరుగా ఉంటే మంచిది.

ఆ మట్టి ఎలా ఉండాలన్న దాని మీద మిద్దెతోటల వాళ్లలో రెండు పక్షాలున్నాయి. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి నగర శివారు నారపల్లిలో తన ఇంటి మీద పెంచిన తోటతో, ‘మిద్దెతోట’ పేరుతోనే రాసిన పుస్తకంతో ఈ పెంపకాన్ని తెలుగువాళ్లలో బాగా వ్యాప్తిలోకి తెచ్చారు. ఆయన పక్షానికి ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువే మూలం. రెండో పక్షం కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపిన తేలిక మిశ్రమానిది. ఎర్రమట్టి పోషకాలను, తడిని పట్టి ఉంచుతుంది, తప్పులను కొంత క్షమిస్తుంది, కానీ బరువు. 12 లీటర్ల తడి మట్టి 18–19 కిలోలు తూగుతుంది. భారత ప్రమాణాల ప్రకారం మనుషులు తిరిగే మిద్దెకు డిజైనులో వేసే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. అంటే మట్టి కుండీలు చదరపు మీటరుకు అయిదారు మించితే ఇంజనీరును అడగడం మేలు, దూలాల మీదుగా, గోడల వెంట సర్దుకోవడం ఇంకా మేలు. కొబ్బరిపొట్టు మిశ్రమం బరువు అందులో సగానికి కాస్త ఎక్కువ ఉంటుంది. దాని లోపం వేరు: ఒకసారి పూర్తిగా ఎండిందంటే మళ్లీ తడవనని మొరాయిస్తుంది.

కుండీ దేనితో చేసిందన్నదీ నీటిని మారుస్తుంది. కాల్చిన మట్టి కుండీ గోడలోంచి తడి ఆవిరవుతుంది. మొక్కకు చల్లగా ఉంటుంది గానీ, ప్లాస్టిక్ కుండీ కంటే ముందే ఆరిపోతుంది. పెయింటు డబ్బాలు, ఆకుపచ్చ గ్రోబ్యాగులు తడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతాయి. ఎండ సూటిగా తగిలే పక్కన మాత్రం వాటి లోపలి వేరు మాడుతుంది. పడమటి వైపు ఒక వరుస తోటకూరో గోంగూరో అడ్డం పెడితే వెనకాల కుండీల దప్పిక చెప్పుకోదగ్గంత తగ్గుతుంది.

వేలు, బరువు, రంధ్రం

వారానికి ఇన్నిసార్లు అన్న లెక్క కాగితం మీదే బాగుంటుంది. కుండీ దగ్గర మూడు పరీక్షలు చాలు. చూపుడువేలు రెండు కణుపుల లోతు దించితే పొడిగా తగిలితే పోయాలి, చల్లగా అంటుకుంటే ఆగాలి. పైన తెల్లగా ఎండినట్టు కనిపించే మట్టి కింద తడి ఉండటం పరిపాటి. రెండోది కుండీని ఒక పక్క ఎత్తి చూడటం. నిండుగా తడిపిన వెంటనే ఒకసారి, మొక్క వాడబోయే ముందు ఒకసారి ఎత్తి చూసినవాళ్లకు ఆ తేడా చేతికి గుర్తుండిపోతుంది. మూడోది అడుగు రంధ్రం. పోసినప్పుడు అందులోంచి నీరు రావాలి, మట్టంతా తడిసిందనడానికి అదే ఆనవాలు.

అయితే రంధ్రం ఒక్కోసారి అబద్ధం చెబుతుంది. ఏప్రిల్‌లో రెండు రోజులు ఊరెళ్లి వచ్చినవాళ్ల కుండీ చూడండి. మట్టి ఎండి ముద్దగా కుంచించుకుపోయి, గోడకూ మట్టికీ మధ్య పెన్సిలు దూరేంత సందు కనిపిస్తుంది. మగ్గుతో పోసిన నీళ్లు ఆ సందులోంచి సర్రున జారి క్షణంలో కిందికొచ్చేస్తాయి. పళ్లెం నిండుతుంది, మట్టి లోపల దుమ్ములాగే ఉంటుంది. పైనుంచి ఎన్ని చెంబులు పోసినా ప్రయోజనం లేదు. కుండీని బకెట్ నీళ్లలో అరగంట కూర్చోబెట్టాలి. మొదట బుడగలు వస్తాయి, అవి ఆగాక తీసి ఓరగా నీడలో పెట్టాలి. ఎత్తలేనంత పెద్ద కుండీ అయితే పైమట్టి కదిపి, సందు పూడ్చి, అరమగ్గు చొప్పున విడతలుగా పోయాలి.

ఇలాంటి మోసమే కొత్త మొక్కల్లోనూ ఉంది. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కల వేరు చుట్టూ గట్టి మట్టిగడ్డ ఉంటుంది. దాన్ని అలాగే తీసుకొచ్చి కొబ్బరిపొట్టు మిశ్రమంలో పెడితే, పోసిన నీరు చుట్టూ ఉన్న పొట్టులోంచి దిగిపోతుంది, మధ్యలో గడ్డ పొడిగానే ఉంటుంది. లేదా ఎక్కువ పోస్తే గడ్డ రోజుల తరబడి ఆరదు. నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళాలో ముచ్చటపడి కొన్న మందారం నెల తిరక్కుండా పోవడానికి సాధారణ కారణం ఇదే. గడ్డను నీళ్లలో కాసేపు నానబెట్టి, అంచుల మట్టిని వేళ్లతో మెల్లగా రాల్చి, వేరుకు కొత్త మిశ్రమం తగిలేలా నాటాలి. ఈ పని చేపట్టాల్సింది వాన పడుతున్న రోజుల్లోనే, మే ఎండలో కాదు.

వాడిన ప్రతి మొక్కా దప్పికతో వాడింది కాదు. వేరు కుళ్లినా ఆకు వాలుతుంది, ఎందుకంటే కుళ్లిన వేరు నీరు పీల్చలేదు. మట్టి తడిగా ఉండి ఆకు వాలితే నీరు ఆపాలి. మధ్యాహ్నం వాలి సాయంత్రానికి తేరుకుంటే అది ఎండ దెబ్బ, పొద్దుటిపూటే వాలి ఉంటే అసలైన దప్పిక.

నీటి గుణం

నగరానికి తాగునీరు మూసీ పరీవాహకంలోని ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927)లతో మొదలై మంజీరా, కృష్ణా, గోదావరి దాకా విస్తరించింది. ఈ నల్లా నీళ్లు కుండీలకు మంచివే. అందులో మిగిలే క్లోరిన్ మొక్కకు చెరుపు చేసేంత ఉండదు, రాత్రంతా బకెట్లో ఉంచాలన్న నియమం అక్కర్లేదు. తకరారు బోరు నీళ్లతోనే. రాతినేల లోతుల నుంచి తోడిన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పు, సున్నం ఎక్కువ ఉన్నవి. భారత ప్రమాణాలు తాగేనీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదంటాయి, గత్యంతరం లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటాయి. కుండీ మొక్క అంత ఓర్వలేదు. నీరు ఆవిరైనా ఉప్పు మట్టిలోనే మిగులుతుంది గనుక పోసినకొద్దీ పేరుకుంటుంది. మట్టి కుండీ గోడ మీద తెల్లటి పూత, ఆకు అంచులు గోధుమరంగులో మాడటం దాని జాడలు.

విరుగుడు సులువు. పోసిన నీళ్లలో పదో వంతైనా రంధ్రంలోంచి బయటికి పోయేలా పోయాలి. నెలకోసారి, బోరు నీళ్లే గతి అయితే, నల్లా నీళ్లు దొరికిన రోజు కుండీ మట్టికి రెండింతలు నీరు నెమ్మదిగా పోసి కడిగేయాలి. జూన్ తొలి వానలు ఈ పని ఊరికే చేసిపెడతాయి, బాల్కనీ కుండీలను ఆ రెండు రోజులు మిద్దె ఎక్కించడం లాభమే. వాటర్ ప్యూరిఫయరు పారబోసే నీళ్లలో లవణాలు మామూలు నీటికంటే ఎక్కువ. వాటిని బాత్రూమ్ కడగడానికి ఉంచి, కుండీలకు వాడకపోవడం మంచిది. ఏసీ నుంచి కారే నీరు దాదాపు స్వేదనజలం, నిరభ్యంతరంగా పోయొచ్చు.

సున్నపు నీటితో వచ్చే ఇంకో చిక్కు ఇనుము లోపం. మందారం, మల్లె, నూరువరహాలు, కరివేపాకు చిగురు పసుపుపచ్చగా పాలిపోయి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే మట్టిలో ఇనుము లేక కాదు, క్షారం వల్ల వేరుకు అందక. లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మఉప్పు కరిగించి వారం తేడాతో రెండు మూడుసార్లు ఆకుల మీద చల్లితే చిగురు తేరుకుంటుంది. కరివేపాకుకు పుల్లమజ్జిగ పోయడం మన ఇళ్లలో పాత అలవాటు. పలుచన చేసి పోస్తే ఆ పులుపు మట్టి క్షారాన్ని కొద్దికాలం కాస్త తగ్గిస్తుంది కాబట్టి దానికో కారణం లేకపోలేదు. ఉప్పు వేసిన మజ్జిగ మాత్రం పోయకూడదు.

ఎరువు: కొద్దికొద్దిగా, తరచుగా

నీటినీ ఎరువునూ విడివిడిగా చూడటం కుండీలో కుదరదు. పోసే ప్రతి నీరూ రంధ్రంలోంచి పోతూ కొంత నత్రజనిని, పొటాష్‌ను పట్టుకుపోతుంది. పన్నెండు లీటర్ల మట్టి ఏడాదంతా తిండి పెట్టలేదు. మొదట కలిపిన ఎరువు మూడు నాలుగు నెలలకు వస్తుంది, ఆ తర్వాత పై నుంచి అందించాలి.

సేంద్రియ ఎరువుల బలం ఇలా ఉంటుంది. మాగిన పశువుల ఎరువులో నత్రజని అర శాతం, వర్మీకంపోస్టులో ఒకటిన్నర దగ్గర, ఆముదపు పిండిలో నాలుగు, వేపపిండిలో అయిదు, పల్లిచెక్కలో ఏడు శాతం. వర్మీకంపోస్టు రెండు పిడికిళ్లు, అంటే వంద గ్రాములు, నెలకోసారి పన్నెండు అంగుళాల కుండీకి వేస్తే సరిపోతుంది. అందులోని గ్రామున్నర నత్రజని సూక్ష్మజీవులు కరిగించినకొద్దీ నెలల తరబడి విడుదలవుతుంది. వేపపిండి చెంచా రెండు చెంచాలు చాలు, మట్టిలో కలిపి తడపాలి. పల్లిచెక్క వంద గ్రాములు లీటరు నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, ఆ తేటకు పదింతలు నీరు కలిపి పోస్తే ఆకుకూరలకు, గులాబీకి పదిహేను రోజుల్లో ఫలితం కనిపిస్తుంది. వాసన భరించాల్సి ఉంటుంది, అపార్ట్‌మెంటులో పక్క ఫ్లాటువాళ్లకు ముందే చెప్పుకోవడం మర్యాద.

దుకాణంలో దొరికే 19-19-19 ఎరువును గ్రాము తీసుకుని లీటరు నీళ్లలో కలిపితే లీటరుకు 190 మిల్లీగ్రాముల నత్రజని. వాణిజ్య నర్సరీలు 100–200 మధ్య వాడతాయి. ఇంట్లో అరగ్రాముతో వారానికోసారి, లేదా గ్రాముతో పదిహేను రోజులకోసారి చాలు. యూరియా ఎందుకు ప్రమాదమో ఇదే కొలతతో తెలుస్తుంది. చెంచా యూరియాలో దాదాపు రెండు గ్రాముల నత్రజని ఉంటుంది. కుండీలో ఉన్న మూడు లీటర్ల నీళ్లలో అది కరిగితే లీటరుకు 600 మిల్లీగ్రాములు దాటుతుంది, అదీ కొద్ది రోజుల్లోనే. పొలంలో బస్తాలతో చల్లినదాన్ని చూసి కుండీలో చెంచాతో వేసినవాళ్ల మొక్క వారంలో మాడుతుంది. డీఏపీలో నత్రజని 18, భాస్వరం 46 శాతం, పొటాష్ సున్న. పూల కోసమని గులాబీకి దాన్నే పదేపదే వేయడం వల్ల భాస్వరం పేరుకుని ఇనుము, జింకులను అడ్డుకుంటుంది. నా దృష్టిలో కుండీ తోటలో యూరియా, డీఏపీలకు చోటు లేదు.

జీవామృతానికి నగరంలోనూ ఆదరణ ఉంది. 2016లో పద్మశ్రీ అందుకున్న సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన పొలం పాళ్లను ఇంటికి కుదిస్తే పది లీటర్ల నీటికి అర కిలో పేడ, అర లీటరు గోమూత్రం, బెల్లం, శనగపిండి వంద గ్రాముల చొప్పున, గుప్పెడు మట్టి. రెండు మూడు రోజులు నీడలో కలియబెడుతూ ఉంచి, పదింతలు పలుచన చేసి పోస్తారు. అది నేరుగా ఇచ్చే పోషకం స్వల్పం. మట్టిలో సేంద్రియ పదార్థం ఉంటేనే దాని పని. ద్రవ ఎరువుల వాడకం మన దేశంలో పాతదే. సురపాలుడి వృక్షాయుర్వేదంలో మాంసం, ఎముకలు మురగబెట్టి చేసే కుణపజలం గురించి ఉంది. ఆక్స్‌ఫర్డు బోడ్లియన్ గ్రంథాలయంలోని ఆ వ్రాతప్రతిని నళినీ సాధలే ఆంగ్లంలోకి అనువదించగా, సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో ప్రచురించింది.

వంటింటి ఎరువుల మీద నమ్మకం ఎక్కువ, సరుకు తక్కువ. కోడిగుడ్డు పెంకు సున్నమే, మన క్షారపు మట్టిలో కరగడానికి ఏళ్లు పడుతుంది. బియ్యం కడిగిన నీళ్లు మామూలు నీళ్లకంటే కొంత మేలు, అంతే. వాడిన టీపొడిని పాలు, చక్కెర పోయేలా కడిగి ఆరబెట్టి కంపోస్టులో కలపాలి. నేరుగా కుండీలో పోస్తే చీమలకు విందు. అరటి తొక్కలదీ కంపోస్టు దారే.

ఎరువు వేయకూడని వేళలున్నాయి. ఎండిన మట్టికి వేయొద్దు, ముందు నీరు, తర్వాత ఎరువు. కొత్తగా నాటిన మొక్కకు మూడు వారాలు వద్దు. జబ్బుపడ్డ మొక్కకు అసలు వద్దు. వాడిపోతున్న మొక్కను చూడగానే బలం కోసమని ఎరువు వేయడం కుళ్లిన వేరు మీద ఉప్పు చల్లడమే. మే నడిఎండల్లోనూ పరిమాణం సగానికి తగ్గించాలి.

కొన్ని మొక్కల తీరు

తులసి ఎండను కోరుతుంది, అడుగు తడిని ఓర్వదు. పూజలో రోజూ చెంబెడు నీళ్లు పోసే ఇళ్లలో చలికాలం తులసి చనిపోవడానికి చలి ఒక్కటే కారణం కాదు. ఆ నెలల్లో ఉద్ధరిణెతో అర్పించడం మొక్కకూ మంచిది, మొక్కుకూ లోటు కాదు. మల్లెకు నవంబరు, డిసెంబరుల్లో నీరు బాగా తగ్గించి, కొమ్మలు కత్తిరించి, జనవరి నుంచి నీరు, ఎరువు పెంచితే వేసవి పూత గుత్తులుగా వస్తుంది. కుండీ నిమ్మకూ కాగితంపూలకూ ఇదే కిటుకు: కొన్నాళ్లు దప్పికతో ఉంచితేనే పూస్తాయి. పాలకూర, మెంతి, కొత్తిమీరలకు మాత్రం తడి ఆరకూడదు. మట్టి ఒకసారి ఎండితే కొత్తిమీర ఆకు వేయడం మాని పువ్వు ఎత్తేస్తుంది.

టమాటా కాయ అడుగున నల్లమచ్చ పడితే పురుగుమందు కొట్టేవాళ్లున్నారు. అది పురుగూ కాదు, తెగులూ కాదు. ఒకరోజు ఎండబెట్టి మరునాడు ముంచడం వల్ల కాయకు కాల్షియం అందలేదు. నీరు క్రమం తప్పకుండా పోస్తే తర్వాతి కాయలు బాగుంటాయి. ఆకు దట్టంగా ఉండి పూత రాకపోతే నత్రజని ఎక్కువైందని, ముదురాకులు పసుపెక్కితే తక్కువైందని అర్థం. కలబంద, స్నేక్ ప్లాంటు, అడీనియంలను వానాకాలం, చలికాలం మరిచిపోయినా పర్వాలేదు, మరిచిపోవడమే సరైన పెంపకం.

వానాకాలం

వాన పడింది కదా అని అన్ని కుండీలూ తడిశాయనుకోవద్దు. బాల్కనీలో స్లాబు కింద ఉన్నవాటికి చినుకు తగలదు. దట్టమైన మొక్క ఆకులు వానను గొడుగులా బయటికి జార్చేస్తాయి. సెంటీమీటరు వాన పడినా పన్నెండు అంగుళాల కుండీ నోట్లో పడేది ముప్పావు లీటరు లోపే. ఇక కుంభవృష్టి సంగతి వేరు. 2020 అక్టోబరు 13న బేగంపేటలో ఒక్కరోజులో 19 సెంటీమీటర్ల వాన కురిసింది. అలాంటి రోజుల్లో రంధ్రం మూసుకుపోయిన కుండీ చెరువే. జూన్ మొదట్లోనే ప్రతి రంధ్రంలోనూ ఒక పుల్ల దూర్చి చూసుకోవాలి, కుండీలను ఇటుకల మీద ఎత్తి పెట్టాలి. వరుస వానల తర్వాత ఆకులు పాలిపోతే నత్రజని కొట్టుకుపోయిందని గుర్తు, తెరిపి ఇవ్వగానే కొద్దిగా వర్మీకంపోస్టు వేయాలి.

కుండీ కింద పళ్లేలు వానాకాలం తీసేయడమే మంచిది. డెంగీ దోమ పెట్టిన గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. ప్రతి ఆదివారం పదింటికి పది నిమిషాలు ఇంట్లో నిల్వ నీళ్లు పారబోయమని 2020లో నగరంలో జరిగిన ప్రచారం పూలకుండీలకూ వర్తించేదే.

ఊరెళ్లినప్పుడు

సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లకు పెద్ద దిగులు అక్కర్లేదు. బయల్దేరే రోజు కుండీలను నిండుగా తడిపి, ఒకదానికొకటి ఆనించి నీడకు జరిపి, మట్టి మీద ఎండుటాకులు రెండు అంగుళాల మందం పరిస్తే పెద్ద కుండీలు నాలుగైదు రోజులు తట్టుకుంటాయి. చిన్నవాటికి బకెట్లోంచి నూలువత్తి ఒకటి మట్టిలోకి దింపాలి, బకెట్ ఎత్తున ఉండాలి. మెరుగు పెట్టని మట్టి ముంతను మెడదాకా పూడ్చి నీళ్లు నింపి మూత పెట్టడం ఇంకో పద్ధతి. గోడలోంచి ఊరే తడిని వేరు తీసుకుంటుంది, చైనాలో ఈ పద్ధతి రెండు వేల ఏళ్లనాటిది. మిద్దె మీద పది పన్నెండు కుండీలు దాటితే డ్రిప్పు పైపులు, టైమరు పెట్టుకోవచ్చు. టైమరు పెట్టాక కనీసం వారం రోజులు ఇంట్లో ఉండి, ఏ కుండీకి ఎంత పడుతోందో కొలిచి చూసుకోవాలి. మే నెలలో రెండు రోజులు దాటి ఊరెళ్తే మాత్రం ఈ ఉపాయాలేవీ పూర్తిగా నమ్మదగినవి కావు, పక్కింటివాళ్లకు మిద్దె తాళం చెవి, ఒక మగ్గు ఇచ్చి వెళ్లండి.